హతసాక్షుల చెక్కడాలు: బరోక్ యూరప్ నుంచి కళింగాంధ్ర దాకా

క్రీస్తును నమ్మినందుకు ప్రాణం తీస్తామన్నా ఆ నమ్మకాన్ని వదలక చనిపోయినవారిని తెలుగు క్రైస్తవులు హతసాక్షులంటారు. కతోలికులు వేదసాక్షులని కూడా అంటారు. వీరి మరణ ఘట్టాలను రాగిరేకుల మీద చెక్కి, కాగితం మీద అచ్చువేసి, పుస్తకాలుగానూ విడి బొమ్మలుగానూ పంచడం యూరప్‌లో 1580ల నుంచి ఊపందుకుంది. కళాచరిత్రలో బరోక్ అని పిలిచే కాలమంతా, అంటే ఇంచుమించు 1750 వరకు, ఆ పని సాగింది. అది మతయుద్ధాల కాలం కూడా. కతోలికుల బొమ్మల్లో ప్రొటెస్టెంట్లు తలారులు. ప్రొటెస్టెంట్ల బొమ్మల్లో కతోలికులు తలారులు. పసిపిల్లలకు కాక, తెలిసి నమ్మిన పెద్దలకే బాప్తిస్మం ఇవ్వాలన్నందుకు ఇరువైపుల వారి చేతుల్లోనూ చచ్చిన అనాబాప్తిస్టులు ఆ ఇద్దరినీ గీశారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఈ సంగతితో ఏం పని అని పాఠకుడు అడగవచ్చు. ఇక్కడికి క్రైస్తవం వచ్చిన దారులను గమనిస్తే జవాబు దొరుకుతుంది. సవోయ్ కొండల నుంచి కతోలిక గురువులు వచ్చారు. లండన్ మిషనరీ సొసైటీ వారు విశాఖపట్నంలో దిగి ఉత్తరానికి సాగారు. కెనడా బాప్తిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, సోంపేటల్లో పాతుకున్నారు. జర్మనీలోని బ్రెక్లం నుంచి వచ్చిన లూథరన్లు సాలూరు, పార్వతీపురం వైపు పనిచేశారు. యూరప్‌లో ఒకరినొకరు తలారులుగా గీసుకున్న శాఖల నుంచే ఈ సంఘాలు పుట్టాయి. వారి వారసులు ఇక్కడ ఒకే ఊళ్ళో పక్కపక్క వీధుల్లో గుళ్ళు కట్టుకుని, ఒకరి పెళ్ళిళ్ళకు ఒకరు వెళ్తూ బతుకుతున్నారు. ఈ బొమ్మలను చూడడానికి యూరప్ కన్నా కళింగాంధ్రే మంచి చోటని నాకనిపించడానికి కారణం అదే.

రాగిరేకు పని

రాగి మీద చెక్కడం ఈ నేలకు కొత్త కాదు. నేటి ముఖలింగమే నాటి కళింగనగరమని చరిత్రకారులు చెబుతారు. అక్కడి నుంచి ఏలిన తూర్పు గాంగులు తమ దానాలను రాగిరేకుల మీద చెక్కించి, రేకులను కడియానికి గుచ్చి, ముద్ర వేసి ఇచ్చేవారు. ఆ శాసనం ఒక్కటే ప్రతి. పొందినవాడి వంశం దాన్ని దాచుకుంటుంది. యూరప్ చెక్కడగాడి రేకు దాచుకునేది కాదు. దానికి సిరా పట్టించి, పైపైన తుడిచి, గీతల్లో మిగిలిన సిరాను తడి కాగితం పీల్చుకునేలా గట్టి ఒత్తిడితో అచ్చొత్తుతారు. మళ్ళీ సిరా, మళ్ళీ కాగితం. ఒక్క రేకు నుంచి వందల ప్రతులు వస్తాయి. గీతలు అరిగిపోతే మళ్ళీ పదునుపెట్టి ఇంకొన్ని తీస్తారు. శాసనంలో అక్షరం చదివే తీరుగానే ఉంటుంది. అచ్చురేకు మీద మాత్రం బొమ్మనూ అక్షరాన్నీ కుడిఎడమలు తారుమారు చేసి చెక్కాలి. అచ్చయిన బొమ్మను చూసి మరొకడు నేరుగా రేకు మీదికి ఎక్కిస్తే, అతని ప్రతిలో తలారి ఎడమచేత్తో కత్తి పట్టి కనిపిస్తాడు. నకలును పట్టుకోవడానికి పండితులు చూసే గుర్తుల్లో ఇదొకటి.

పనితీరులు రెండు. మొదటిది ఎన్‌గ్రేవింగ్. బ్యూరిన్ అనే పదునైన ఉక్కు ములుకును అరచేత్తో నెట్టుతూ రాగిని నేరుగా చాలుగా తీయాలి. ఏళ్ళ తరబడి శిష్యరికం చేస్తే తప్ప చేయి తిరగదు. గీత ఉబ్బుతూ సన్నబడుతూ క్రమంగా సాగుతుంది. నున్నని చర్మానికి, పట్టు వస్త్రానికి, మేఘానికి అది సరిగ్గా సరిపోతుంది. రెండోది ఎచింగ్. రేకుకు మైనపు పూత పూసి, సూదితో పూతను మాత్రమే గీకి, రేకును ఆమ్లంలో ముంచితే గీకిన చోట రాగి తినుకుపోతుంది. ఇందులో చేయి కాగితం మీద ఆడినంత తేలికగా ఆడుతుంది. లొరేన్‌కు చెందిన జాక్ కలో మైనపు పూతకు బదులు వీణలాంటి వాద్యాలకు పూసే గట్టి వార్నిష్ వాడాడు. దానితో వేలెడంత బొమ్మలో వందమంది మనుషులను విడివిడిగా నిలబెట్టగలిగాడు. హతసాక్షుల బొమ్మల్లో ఈ తేడా చాలా ముఖ్యం. ములుకు పనిలో హింస కూడా అందంగా, నిలకడగా కనిపిస్తుంది. ఆమ్లం పనిలో అది అప్పటికప్పుడు కళ్ళముందు జరుగుతున్నట్టు ఉంటుంది.

రోమ్‌లో తొలి అడుగులు

దేవుని బొమ్మలు, పునీతుల బొమ్మలు విగ్రహారాధనేనని ప్రొటెస్టెంట్లు తీసిపారేస్తున్న రోజుల్లో, 1563 డిసెంబరులో కతోలికుల ట్రెంట్ మహాసభ వాటిని సమర్థించింది. జనానికి బోధించడానికి, భక్తి పుట్టించడానికి బొమ్మలు ఉండవచ్చని తీర్మానించింది. 1578లో రోమ్ నగరం వెలుపల సలారియా బాట పక్కనున్న ద్రాక్షతోటలో తవ్వుతుంటే తొలి క్రైస్తవుల భూగర్భ సమాధులు బయటపడ్డాయి. పాత పుస్తకాల్లో చదివిన హతసాక్షులు నిజంగా కాళ్ళకింద పడుకుని ఉన్నారన్న భావం నగరాన్ని కుదిపింది. సెజారే బరోనియో రోమ్ హతసాక్షుల పంచాంగాన్ని సవరించి వివరణలు రాశాడు.

అదే ఊపులో 1580ల మొదట్లో నికోలో చిర్చిన్యాని రోమ్‌లోని శాంతో స్తెఫానో రొతోందో గుడి గోడల చుట్టూ హతసాక్షుల మరణాలను వరసగా చిత్రించాడు. బొమ్మలో ప్రతి ఘట్టం పక్కన ఒక అక్షరం, కింద ఆ అక్షరానికి వివరణ. ఎవరు, ఏ చక్రవర్తి కాలంలో, ఎలా చనిపోయారో చదువుకుంటూ నడవవచ్చు. జొవాన్ని బత్తిస్తా కావలియేరి వాటిని చెక్కి పుస్తకంగా అచ్చువేశాడు. రోమ్‌లోని ఇంగ్లీషు కళాశాల గోడల మీది ఇంగ్లండు హతసాక్షుల బొమ్మలు కూడా 1584లో అతని చేతి మీదుగానే అచ్చయ్యాయి. ఆ కళాశాల కుర్రవాళ్ళు ఆ గోడల మధ్య చదువుకుని, ప్రొటెస్టెంటు ఇంగ్లండుకు రహస్యంగా తిరిగి వెళ్ళేవారు. వారిలో నలభై మందికి పైగా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళకు ఆ బొమ్మలు గడిచిపోయిన కథలు కావు.

1587లో రిచర్డ్ వెర్స్టెగన్ ఆంట్వెర్ప్‌లో అచ్చువేసిన పుస్తకం ప్రొటెస్టెంట్ల క్రూరత్వాన్ని ఒక నాటకరంగంగా చూపింది. ఇంగ్లండులో జాన్ ఫాక్స్ 1563లోనే కతోలికుల చేతిలో చచ్చిన ప్రొటెస్టెంట్ల చరిత్రను చెక్కపలకల అచ్చుబొమ్మలతో తెచ్చివున్నాడు. ఈ పోటీ నుంచి పుట్టిన వాటిలో కొన్నింటిని ఈనాడు చూడటం కష్టం. ఆంతోనియో గల్లోనియో 1591లో రోమ్‌లో తెచ్చిన చిత్రహింస సాధనాల గ్రంథం అలాంటిది. ఆంతోనియో తెంపెస్తా చెక్కిన ఆ బొమ్మల్లో చక్రాలు, కప్పీలు, కొలిమి, కొక్కేలు ఎంతో నేర్పుగా ఉంటాయి. మనిషి ముఖం మాత్రం గుర్తుండదు. సాక్షి కన్నా సాధనానికే పెద్దపీట వేసిన ఆ పుస్తకం, నా దృష్టిలో, ఈ కళ దారి తప్పిన చోటు.

నాలుగు బొమ్మలు

దారి తప్పనివి చాలా ఉన్నాయి. ఆంట్వెర్ప్‌లో రూబెన్స్ తన చిత్రాలను ఎన్‌గ్రేవింగులుగా మార్చడానికి చెక్కడగాళ్ళను దగ్గర పెట్టుకుని, గీతగీతనూ సరిదిద్దేవాడు. వారిలో మేటి లుకాస్ వోర్స్టెర్మన్. 1621లో అతను చెక్కిన పునీత లారెన్స్ మరణం, రంగుల చిత్రంలోని వెలుగునూ కండలనూ నలుపు తెలుపుల్లోకి ఎలా దించవచ్చో చూపే పాఠం. ఇనుప కమ్మీల మీదికి నెడుతున్న చేతుల మధ్య లారెన్స్ శరీరమే బొమ్మంతటికీ కాంతిగా ఉంటుంది. కొద్దికాలానికే గురుశిష్యుల మధ్య గొడవ వచ్చి వోర్స్టెర్మన్ వెళ్ళిపోయాడు.

కలో చేసిన పునీత సెబాస్తియన్ దానికి పూర్తిగా ఎదురు. 1630ల తొలినాళ్ళ ఎచింగ్ అది. విశాలమైన మైదానం, చుట్టూ శిథిలాలు, గుంపులు గుంపులుగా జనం, విల్లెక్కుపెట్టిన సైనికులు, గాలిలో సన్నని గీతల్లా బాణాలు. స్తంభానికి కట్టిన సెబాస్తియన్‌ను వెతికి పట్టుకోవాలి. అంత చిన్నగా ఉంటాడు. పెద్ద జనసందోహంలో ఒక ప్రాణం పోతుంటే ఎవరి ముచ్చట్లలో వాళ్ళుండడం కలో ఇందులో చూపాడు. అతని సొంత లొరేన్ ఆ రోజుల్లో యుద్ధంలో నలుగుతోంది. యుద్ధ దుర్దశల మీద అతని ప్రసిద్ధ బొమ్మల వరస 1633లో వచ్చింది.

రెంబ్రాంట్ 1635లో చేసిన స్తెఫను మరణం అరచేతిలో ఇమిడిపోతుంది. అపొస్తలుల కార్యములు ఏడో అధ్యాయం చదివిన తెలుగు పాఠకుడికి కథ తెలుసు. పెద్ద బండను రెండు చేతులా తలపైకి ఎత్తినవాడు, ఆ బరువుకు ఒళ్ళు వంగినవాడు, వెనక నుంచి తొంగిచూసేవాడు అందరూ స్తెఫను మీదికి ఒరిగి ఉంటారు. మోకరించిన స్తెఫను చుట్టూ చోటే లేదు. గీతలు గబగబా, ఎగుడుదిగుడుగా సాగుతాయి. ఆ తొందర బొమ్మకు ప్రాణం పోసింది.

నాలుగోది హుసేపె దె రిబేరా 1624లో నేపుల్స్‌లో చేసిన బర్తొలొమయి. అపొస్తలుణ్ణి చెట్టుకు కట్టి తోలు ఒలుస్తున్నారు. తలారి కత్తిని పళ్ళ మధ్య కరిచిపట్టి, రెండు చేతులతో చర్మం లాగుతున్నాడు. కసాయి దుకాణంలో రోజూ చేసే పనిలాంటి ఆ నింపాదితనమే భయం పుట్టిస్తుంది. రిబేరా చేసిన ఎచింగులు చాలా కొద్ది. అందులో ఇదే శిఖరమని నేను నమ్ముతాను. దీన్ని అతను సవోయ్ రాకుమారుడు, సిసిలీ రాజప్రతినిధి ఎమ్మానుయేలె ఫిలిబెర్తోకు అంకితమిచ్చాడు. ఆ రాకుమారుడి తండ్రి మొదటి చార్లెస్ ఎమ్మానుయేల్ సవోయ్‌ను ఏలుతున్నప్పుడే ఆ రాజ్యంలోని అన్సీ పట్టణంలో ఫ్రాన్సిస్ దె సేల్స్ బిషప్‌గా ఉండేవాడు. 1622లో ఆయన కన్నుమూశాడు. రెండు శతాబ్దాల తర్వాత ఆయన పేరు పెట్టుకున్న గురువులే అన్సీ నుంచి బయలుదేరి మన తీరానికి వచ్చారు. ఆ కథ ముందుంది.

ఈ బొమ్మల్లో భారతదేశం

తొలి శతాబ్దాల క్రైస్తవ చరిత్రకారుడు యూసేబియస్ రాసినదాన్ని బట్టి బర్తొలొమయి భారతదేశంలో బోధించాడన్న నమ్మకం ఉంది. ఆ భారతదేశం అరేబియానో ఇథియోపియానో కావచ్చని వాదించేవారూ ఉన్నారు. తోమా సంగతి మనకు దగ్గరది. చెన్నై పరంగిమలై మీద ఈటెపోటుకు చనిపోయాడని సంప్రదాయం. ఆ కొండ మీది రాతి సిలువను 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు కనుగొన్నాక తోమా మరణం యూరప్ చిత్రకారులకు కొత్తగా అందింది. రూబెన్స్ 1630ల చివర్లో ప్రేగ్ నగరంలోని తోమా గుడి కోసం వేసిన చిత్రంలో అపొస్తలుడు రాతి సిలువను వాటేసుకుని ఉంటాడు. కలో చేసిన అపొస్తలుల మరణాల వరసలోనూ తోమా ఉన్నాడు.

కతోలిక సన్యాస సంఘమైన యేసు సభకు చెందిన మతియాస్ తానర్ 1675లో ప్రేగ్‌లో అచ్చువేసిన గ్రంథం ఈ రంగంలో పెద్ద గనుల్లో ఒకటి. సభలో ప్రాణమిచ్చినవారిని ఖండాల వారీగా వివరిస్తుంది. కారెల్ ష్క్రేతా గీసిన చిత్రాలను మెల్కియోర్ క్యూసెల్ రాగి మీద చెక్కాడు. ఆసియా భాగంలో మన దేశపు మరణాలు కనిపిస్తాయి. 1549లో రామేశ్వరం దగ్గర వేదాళైలో చనిపోయిన ఆంతోనియో క్రిమినాలి ఆ సభలో తొలి హతసాక్షి. 1583 జులై 25న గోవాలోని కుంకళ్ళిలో రొదోల్ఫో అక్వావివా, మరో నలుగురు సభ్యులు హతులయ్యారు. అంతకు కొద్దినెలల ముందు వరకు అక్వావివా ఫతేపూర్ సిక్రీలో అక్బరు కొలువులో ఉన్నాడు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. కుంకళ్ళి ఊరివాళ్ళు ఊరికే కత్తులు ఎత్తలేదు. పోర్చుగీసు ప్రభుత్వం సాల్సెట్ ప్రాంతంలో వాళ్ళ గుళ్ళను కూలగొట్టింది. ఆ అయిదుగురు చనిపోయాక ఆ ప్రభుత్వమే ఊరి పెద్దలను మాటలకని పిలిపించి చంపించింది. ఆ రెండో చావును చెక్కిన రేకు ఏదీ యూరప్ పుస్తకాల్లో చోటుచేసుకోలేదు. ఆ పెద్దల జ్ఞాపకార్థం కుంకళ్ళిలో స్మారకం వెలిసింది 2003లో. హతసాక్షుల చెక్కడాలను చరిత్రగా చదివే ఎవరైనా అంచుల బయట మిగిలిపోయిన వారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అలా చేస్తే అక్వావివా ధైర్యానికి ఏ లోటూ రాదు.

భారతీయ సంతతి హతసాక్షి ఒకడు కలో రేకు మీదికే ఎక్కాడు. 1597 ఫిబ్రవరి 5న జపాన్‌లోని నాగసాకిలో 26 మందిని సిలువలకు కట్టి ఈటెలతో పొడిచి చంపారు. వారిలో ఫ్రాన్సిస్కన్ సభకు చెందినవారు, వారి అనుచరులు కలిపి 23 మంది. 1627లో రోమ్ వారిని ధన్యులుగా ప్రకటించినప్పుడు కలో ఆ 23 మంది సిలువలను ఎచింగ్ చేశాడు. అందులో ఒకడు గోన్సాలో గార్సియా. ముంబయి దగ్గర వసయిలో పుట్టాడు. తండ్రి పోర్చుగీసువాడు, తల్లి స్థానికురాలు అని చెబుతారు. 1862లో పోపు తొమ్మిదో పియుస్ 26 మందినీ పునీతులుగా ప్రకటించాడు. పోర్చుగీసు గురువు జాన్ దె బ్రిట్టో 1693 ఫిబ్రవరి 4న తమిళనాట ఓరియూరులో శిరచ్ఛేదానికి గురయ్యాడు. ఆయనకు ఆ గౌరవం 1947లో దక్కింది.

యూరప్ అచ్చుబొమ్మలు ఇక్కడికి వచ్చి మన చిత్రకారుల చేతుల్లో మారిన తీరు ఇంకా ఆసక్తికరం. అక్వావివా బృందం 1580లో అక్బరుకు ఇచ్చిన కానుకల్లో ఆంట్వెర్ప్‌లో అచ్చయిన బహుభాషా బైబిలు ఉంది. అందులోని రాగిరేకు బొమ్మలను మొగలు చిత్రకారులు శ్రద్ధగా చూశారు. ఆంట్వెర్ప్ వాసి హిరోనిమస్ వీరిక్స్ చెక్కిన పునీత సిసీలియా మరణాన్ని నీనీ అనే మొగలు చిత్రకారుడు రంగుల్లో మళ్ళీ వేశాడు. ఆ చిత్రం ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. సన్నని నల్లగీతలుగా వచ్చిన మరణం మొగలు రంగుల మృదుత్వంలోకి మారడం చూస్తే, అచ్చుబొమ్మ దేశాలు దాటేకొద్దీ కొత్త జన్మలు ఎత్తుతుందని తెలుస్తుంది.

యాన్ లాయ్కెన్

ఈ కళ అంతటిలోనూ నాకు అందరికన్నా ఎత్తున కనిపించేవాడు ఆమ్‌స్టర్‌డామ్ కవి, చెక్కడగాడు యాన్ లాయ్కెన్. 1649లో పుట్టి 1712లో పోయాడు. అతను మెన్నొనైటు, అంటే అనాబాప్తిస్టుల వారసుడు. తీలెమన్ వాన్ బ్రాఖ్త్ అనే బోధకుడు అనాబాప్తిస్టు హతసాక్షుల చరిత్రను 1660లో ప్రచురించాడు. 1685లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వచ్చిన దాని రెండో ముద్రణకు లాయ్కెన్ 104 ఎచింగులు చేశాడు. హతసాక్షుల దర్పణం అని తెలుగులో చెప్పుకోదగిన ఆ పుస్తకం మెన్నొనైటు ఇళ్ళలో బైబిలు పక్కన చోటు సంపాదించింది.

లాయ్కెన్ హతసాక్షుల తలల చుట్టూ వెలుగువలయాలు లేవు. మేఘాల్లోంచి దిగే దేవదూతలు లేరు. నేతగాళ్ళు, దర్జీలు, ఇల్లాళ్ళు, ముసలివాళ్ళు. చాలాసార్లు అతను చావు క్షణాన్ని వదిలేసి దానికి ముందు క్షణాన్ని తీసుకుంటాడు. 1539లో రాటర్‌డామ్‌లో నీట ముంచి చంపే శిక్షకు నడుస్తున్న అన్నెకెన్ యాన్స్ తన పసిబిడ్డను పెంచుకోమని గుంపులోని వారిని వేడుకుంది. ఒక రొట్టెల వ్యాపారి ముందుకొచ్చి తీసుకున్నాడు. లాయ్కెన్ బిడ్డ చేతులు మారే ఆ క్షణాన్నే గీశాడు. 1571లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అన్నెకెన్ హెండ్రిక్స్‌ను నిచ్చెనకు కట్టి మంటలోకి వాల్చినప్పటి బొమ్మలో నిచ్చెన ఇంకా నిలువుగానే ఉంటుంది. దాన్ని పట్టుకున్న మనుషుల బలం, నేల మీద మంట, మధ్యలో ఆమె. జరగబోయేది చూసేవాడే పూర్తిచేసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువగా తలుచుకునేది దిర్క్ విలెమ్స్ బొమ్మ. 1569 నాటి సంగతి. నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్‌లో చెర నుంచి తప్పించుకున్న దిర్క్ గడ్డకట్టిన నీటి మీదుగా పరుగెత్తాడు. వెంటతరిమిన భటుడి కాళ్ళకింద మంచు విరిగి అతను మునిగిపోసాగాడు. దిర్క్ వెనక్కి తిరిగి వచ్చి అతన్ని లాగి గట్టున పడేశాడు. ఒడ్డున నిలబడ్డ అధికారి మాట ప్రకారం దిర్క్‌ను మళ్ళీ పట్టుకుని చివరికి కాల్చి చంపారు. లాయ్కెన్ రేకు మీద మంట లేదు, కత్తి లేదు. మంచు మీద వంగిన ఒక మనిషి, నీళ్ళలోంచి పైకి చాచిన మరొకడి చేతులు, వాటిని అందుకుంటున్న ఇతని రెండు చేతులు. హతసాక్షి అంటే ఎవరో చెప్పడానికి ఇంతకన్నా మంచి బొమ్మ బరోక్ కాలంలో రాలేదని నేను గట్టిగా అంటాను.

ఆ రేకుల ఆయుష్షు కూడా గొప్పది. 1780లో జర్మనీలోని పీర్మాసెన్స్‌లో జర్మన్ ముద్రణకు అవే రేకులు మళ్ళీ వాడారు. వాటిలో కొన్ని ఇప్పుడు అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో కౌఫ్‌మన్ మ్యూజియం దగ్గర ఉన్నాయి.

ఆ పుస్తకం ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడేనాటికి విజయనగరానికి దగ్గరి రేవైన భీమునిపట్నంలో డచ్చి కంపెనీ కోఠీ నడుస్తోంది. మన తీరపు నేత బట్టలు ఆ ఓడల్లో ఎక్కేవి. తెలుగు తీరం గురించి యూరప్ చదువుకున్న పుస్తకాలూ ఆమ్‌స్టర్‌డామ్‌లోనే రాగిరేకు బొమ్మలతో అచ్చయ్యాయి. ఫిలిప్ బాల్డియస్ మలబారు, కోరమండల తీరాల వర్ణన 1672లో, గోల్కొండ రాజ్యంలో కంపెనీ కొలువు చేసిన డేనియల్ హావర్ట్ కోరమండల చరిత్ర 1693లో వచ్చాయి. 1824 ఒప్పందంతో భీమునిపట్నం ఇంగ్లీషువారి పరమైంది. డచ్చి సమాధులు ఇంకా అక్కడ ఉన్నాయి.

మెన్నొనైటుల వారసత్వం తెలుగువారికి నేరుగా చేరింది కూడా. హింసకు తాళలేక నెదర్లాండ్స్ నుంచి ప్రష్యాకు, అక్కడి నుంచి రష్యాకు తరలిన వంశాల నుంచి అబ్రహాం ఫ్రీసెన్ 1889లో నల్లగొండ ప్రాంతానికి వచ్చాడు. అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు 1899 నుంచి హైదరాబాద్ రాజ్యంలో పనిచేశారు. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, జడ్చర్ల ప్రాంతాల మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలు దిర్క్ విలెమ్స్‌ను తమ పూర్వీకుడిగా చెప్పుకోగల తెలుగు సంఘాలు.

కళింగాంధ్రలో

ఉత్తరాంధ్ర బాప్తిస్టులకూ ఆమ్‌స్టర్‌డామ్‌తో ఒక ముడి ఉంది. ఇంగ్లండు నుంచి పారిపోయి అక్కడ తలదాచుకున్న జాన్ స్మిత్, అతని అనుచరులు 1609లో నమ్మినవారి బాప్తిస్మాన్ని స్వీకరించారు. ఇంగ్లీషు బాప్తిస్టుల చరిత్ర అక్కడ మొదలవుతుంది. స్మిత్ తర్వాత మెన్నొనైటులలో చేరడానికి ప్రయత్నించాడు. ఏ బాప్తిస్మం కోసం లాయ్కెన్ మనుషులు మంటల్లోకి నడిచారో, అదే బాప్తిస్మాన్ని ఉత్తర సర్కారు జిల్లాల బాప్తిస్టు సంఘాల వారు ఈనాడు పిలిచి, పాటలు పాడి, పండుగలా ఇస్తున్నారు. వారి గుళ్ళలో బొమ్మలుండవు. హతసాక్షులు వారికి ప్రసంగాల్లో, ఆదివారపు బడి కథల్లో దొరుకుతారు.

కతోలికుల దారి వేరు. పీటర్ మెర్మియే 1838లో అన్సీలో నెలకొల్పిన పునీత ఫ్రాన్సిస్ దె సేల్స్ మిషనరీలు, అంటే ఫ్రాన్సాలియన్లు, 1846లో విశాఖపట్నం చేరారు. గోన్సాలో గార్సియాను పునీతుడిగా ప్రకటించేనాటికి వారు ఇక్కడ పదహారేళ్ళుగా పనిచేస్తున్నారు. 1886లో విశాఖ మేత్రాసనం, అంటే ఒక బిషప్ పాలన కింది ప్రాంతం, ఏర్పడింది. దాని నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలను విడదీసి 1993లో శ్రీకాకుళం మేత్రాసనం చేశారు. విశాఖ జ్ఞానాపురంలోని ప్రధానాలయం పేతురు పేరిట ఉంది. తలకిందులుగా సిలువ వేయించుకున్నాడని సంప్రదాయం చెప్పే ఆ పేతురు బరోక్ చెక్కడగాళ్ళకు ఇష్టమైన అంశం. కలో అపొస్తలుల వరసలో ఆయనా ఉన్నాడు.

ఆ కాలపు పద్ధతిని ఇక్కడ బతికించి ఉంచుతున్నది సిలువ మార్గం. పద్నాలుగు స్థలాలు అని 1731లో పోపు పన్నెండో క్లెమెంట్ ఖాయం చేశాడు. కతోలిక గుడి గోడల మీద పద్నాలుగు పటాలు, ఒక్కో దానికి అంకె, పేరు. తపస్సు కాలపు శుక్రవారాల్లో జనం ఒక పటం నుంచి మరో పటానికి నడుస్తూ, ప్రతి చోటా ఆగి, మోకరించి, ప్రార్థన చదువుతారు. రోమ్‌లో చిర్చిన్యాని గోడల ముందు విద్యార్థులు అక్షరాలు చూసి వివరణ చదువుతూ నడిచిన తీరు ఇదే. బొమ్మను నిలబడి చూసి వదిలేయకుండా, కాళ్ళతో నడిచి, నోటితో చెప్పి, ఒంట్లోకి తీసుకునే ఆ పద్ధతి శ్రీకాకుళం పల్లె గుడిలో ఇప్పటికీ నడుస్తోంది.

ఈ ప్రాంతపు మనుషులకు ప్రాణత్యాగం అనగానే గుర్తొచ్చేది బొబ్బిలి. 1757 జనవరి 24న విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోటను కూల్చాయి. లోపలివారు ఆడవాళ్ళతో, పిల్లలతో సహా నశించారు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రివేళ విజయరామరాజు గుడారంలోకి దూరి పగ తీర్చుకున్నాడు. బుర్రకథల్లో అతని కత్తి ఇంకా మెరుస్తూనే ఉంది. హతసాక్షి చెక్కడాల్లో కత్తి ఎప్పుడూ అవతలివాడి చేతిలోనే ఉంటుంది. కథ చెప్పేవారు పగను పూర్తిచేయరు. బొబ్బిలి కథ విని పెరిగిన చెవికి ఇది మొదట అసంపూర్తిగా తోస్తుంది. దిర్క్ విలెమ్స్ బొమ్మను బొబ్బిలిలోనో రాజాంలోనో ఒక ఆదివారపు బడిలో పిల్లలకు చూపిస్తే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, అతను ఎందుకు వెనక్కి తిరిగాడు అన్నదే అవుతుంది. లాయ్కెన్ ఆ ప్రశ్న పుట్టాలనే గీశాడు.

ఈ చెక్కడాలు ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం వంటి చోట్ల భద్రంగా ఉన్నాయి. ఈ సంస్థలు తమ సేకరణలను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచాయి. రెంబ్రాంట్ స్తెఫను, రిబేరా బర్తొలొమయి, కలో నాగసాకి సిలువలు, లాయ్కెన్ దిర్క్: ఈ నాలుగింటిని తెలుగు వివరణలతో ఒక్కచోట చేర్చి మేత్రాసన పాఠశాలలకూ బాప్తిస్టు, లూథరన్, చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) సంఘాల బడులకూ పంచితే, యూరప్‌లో ఈ శాఖలు కలిసి కూర్చుని ఎన్నడూ చూడని బొమ్మలను మన పిల్లలు కలిసి చూస్తారు.